ఇంటర్ తర్వాత పార్ట్ టైమ్ సైన్యం: టెరిటోరియల్ ఆర్మీ, అగ్నివీర్, ఎన్‌సీసీల్లో ముందు ఏది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటర్ పాసైన వెంటనే, చేతిలో ఉద్యోగం గానీ డిగ్రీ గానీ లేకుండా టెరిటోరియల్ ఆర్మీలో (బయట వృత్తి చేసుకుంటూ అవసరానికి సైనికులయ్యే పార్ట్ టైమ్ దళంలో) చేరాలనుకోవడం మన పిల్లల్లో చాలామందికి సరైన మొదటి అడుగు కాదు. ఆ దారిలో లోపం ఉందని అనడం లేదు. 18 ఏళ్లకు తెరుచుకునే ఆ తలుపు 42 ఏళ్ల దాకా తెరిచే ఉంటుంది. మిగతా దారులకు అంత ఓపిక లేదు. ఇంటర్‌తోనే ఆఫీసర్ శిక్షణకు తీసుకునే ఎన్‌డీఏ పరీక్షకు పంతొమ్మిదిన్నర దాటితే అర్హత పోతుంది. నాలుగేళ్ల పూర్తికాల సైనిక ఉద్యోగమైన అగ్నివీర్‌కు ఇరవైల మొదట్లోనే గడువు ముగుస్తుంది. విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే ఎన్‌సీసీ అయితే కాలేజీలో ఉన్నన్నాళ్లే. అందుకే విజయవాడలోనో గుంటూరులోనో ఇంటర్ పూర్తి చేసి, యూనిఫామ్ మీద మనసు పడ్డ అబ్బాయి గానీ అమ్మాయి గానీ నన్ను సలహా అడిగితే, వీటిలో ఏది గొప్పదన్న చర్చ పక్కన పెట్టి, ఏది ముందుగా చేజారిపోతుందో చూడమంటాను.

చదువుకుంటూనో, ఉద్యోగం చేసుకుంటూనో సైన్యంలో పార్ట్ టైమ్‌గా ఉండొచ్చా అనే ప్రశ్న మన ప్రాంతంలో ఎక్కువగా వినపడటానికి ఒక కారణం అమెరికా. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అక్కడ బంధువులు లేని ఇళ్లు తక్కువ. అక్కడ హైస్కూల్ అవగానే, తల్లిదండ్రుల సమ్మతి ఉంటే 17 ఏళ్లకే నేషనల్ గార్డ్‌లోనో ఆర్మీ రిజర్వ్‌లోనో చేరొచ్చు. మొదటి శిక్షణ అయ్యాక నెలకు ఒక శని, ఆదివారం, ఏడాదికి రెండు వారాలు అనేది వాళ్ల మామూలు లెక్క. కాలేజీ ఫీజుకు కూడా సాయం అందుతుంది. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్నవాళ్లకే ఆ అవకాశం. ఆ వీడియోలు చూసి ఇక్కడా అలాంటిదే ఉందనుకుంటే మాత్రం పొరపాటు. మన టెరిటోరియల్ ఆర్మీ వేరే ఆలోచన మీద పుట్టింది.

రెండో కారణం క్రికెట్. ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. 2019లో ఆయన కాశ్మీర్‌లో తన బెటాలియన్‌తో కలిసి కొన్నాళ్లు డ్యూటీ చేశారు. ఆ ఫొటోలు చూసి ఆశపడ్డ పిల్లలు చాలామంది. గౌరవ హోదా వేరు, పరీక్ష రాసి చేరడం వేరు. సచిన్ పైలట్ కేంద్రమంత్రిగా ఉంటూనే 2012లో మామూలు అభ్యర్థిలా సెలక్షన్ పాసై లెఫ్టినెంట్‌గా చేరారు. టెరిటోరియల్ ఆర్మీ అంటే ఏంటో తెలుసుకోవాలంటే ఆ రెండో ఉదాహరణ చూడాలి. బయట తనకంటూ ఒక వృత్తి ఉన్న మనిషి, అవసరానికి సైనికుడు అవుతాడు.

టెరిటోరియల్ ఆర్మీ అసలు స్వరూపం

1948లో చట్టం వచ్చింది. 1949 అక్టోబర్ 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి దీన్ని ప్రారంభించారు, అందుకే ఏటా ఆ రోజును టెరిటోరియల్ ఆర్మీ దినంగా జరుపుతారు. 1962, 1965, 1971 యుద్ధాల్లో ఈ దళాలు పనిచేశాయి. రెగ్యులర్ సైన్యాన్ని స్థిరమైన కాపలా డ్యూటీల నుంచి తప్పించి ముందుకు పంపేలా చూడటం, వరదలు, తుపాన్లు వచ్చినప్పుడు సాయపడటం, అత్యవసర సేవలు ఆగకుండా చూడటం వీళ్ల పని.

జవాన్‌గా చేరాలంటే వయసు 18 నుంచి 42. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 శాతం ఉంటే చాలు. క్లర్క్ పోస్టుకు ఇంటర్‌లో 60 శాతం కావాలి. ఆఫీసర్‌గా చేరాలంటే డిగ్రీ ఉండాలి, అంతకంటే ముఖ్యంగా ఏదో ఒక ఉద్యోగమో వ్యాపారమో చేస్తూ సంపాదిస్తూ ఉండాలి. ఈ ఒక్క షరతులోనే టెరిటోరియల్ ఆర్మీ మనసు కనపడుతుంది. మీకు బతుకుతెరువు ఇస్తామని అది మాట ఇవ్వదు. మీకు బతుకుతెరువు ఉంది కాబట్టి దేశానికి కొంత సమయం ఇవ్వమని అడుగుతుంది.

రైల్వే, చమురు కంపెనీల పేరుతో ఉండే యూనిట్లు ఆయా సంస్థల ఉద్యోగులకే. విజయవాడలో రైల్వే కుటుంబాలు ఎక్కువ కాబట్టి ఈ మాట చెప్పాల్సి వస్తోంది. నాన్న రైల్వేలో ఉన్నారని కొడుక్కి ఆ యూనిట్‌లో చోటు దొరకదు. ఇంటర్ పాసైన కుర్రాడికి మిగిలేవి ఇన్‌ఫాంట్రీ (కాల్బలం) బెటాలియన్లు. మన రాష్ట్రం పుణెలో ఉన్న సదరన్ కమాండ్ గ్రూప్ కిందికి వస్తుంది. మద్రాస్ రెజిమెంట్‌కు అనుబంధంగా ఉన్న 110వ బెటాలియన్ కోయంబత్తూరులో, గార్డ్స్ రెజిమెంట్‌కు అనుబంధంగా ఉన్న 125వ బెటాలియన్ సికింద్రాబాద్‌లో ఉంటాయి. ఎంపిక ర్యాలీలు ఖాళీలను బట్టి పెడతారు. 2024 నవంబరులో కోయంబత్తూరులో పెద్ద ర్యాలీ జరిగింది. అంటే గుంటూరు పిల్లవాడు ఊళ్లో ఉండి చేరే దళం ఇది కాదు. సెలక్షన్‌కే రాత్రంతా రైలెక్కి వెళ్లాలి, చేరాక క్యాంపులూ దూరంలోనే.

ఇక సమయం లెక్క. చేరిన కొత్తలో రిక్రూట్ శిక్షణ, ఆ తర్వాత ఏటా సుమారు రెండు నెలల వార్షిక శిక్షణ. శిక్షణలో, డ్యూటీలో ఉన్న రోజులకు రెగ్యులర్ సైనికుడికి ఇచ్చే జీతమే ఇస్తారు. సిపాయి మూల వేతనం 21,700, మిలిటరీ సర్వీస్ పే 5,200, దానిపై కరవు భత్యం. అంకె బాగానే ఉంది, కానీ పిలిచిన రోజులకే అది. మిగతా నెలల్లో రూపాయి రాదు. ఏడాదిలో రెండు నెలల జీతంతో ఇల్లు గడవదని వేరే చెప్పక్కర్లేదు.

చదువుకునేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. క్యాంపు తేదీలు యూనిట్ నిర్ణయిస్తుంది, మీ సెమిస్టర్ చూసి పెట్టదు. మన దగ్గర ఇంజనీరింగ్ కాలేజీల్లో మామూలుగా 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. రెండు నెలలు వరసగా పోతే ఆ సెమిస్టర్ మీద ఆశ వదులుకోవాల్సిందే. రెగ్యులర్ డిగ్రీ చదువుతూ టెరిటోరియల్ ఆర్మీ జవాన్‌గా ఉండటం కాగితం మీద బాగుంటుంది గానీ, నాలుగేళ్ల పాటు నెట్టుకురావడం చాలా కష్టం. దూరవిద్యలో డిగ్రీ చేసేవాళ్లకు కొంత వీలు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఎంబాడీమెంట్. ప్రభుత్వం అవసరమనుకుంటే బెటాలియన్‌ను పూర్తికాలం డ్యూటీలోకి తీసుకుంటుంది. అప్పుడు మీరు పార్ట్ టైమ్ కాదు. జమ్మూకాశ్మీర్‌లోనో ఈశాన్యంలోనో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఉండాల్సి రావొచ్చు. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఉద్రిక్తత పెరిగినప్పుడు, 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను డ్యూటీలోకి తీసుకోవడానికి కేంద్రం ఆమోదం తెలిపింది. మన సదరన్ కమాండ్ పేరు కూడా అందులో ఉంది. ఆ వార్త వచ్చిన రోజు ఎక్కడో షోరూమ్‌లోనో ఆఫీసులోనో కూర్చుని ఉన్న టెరిటోరియల్ జవాన్‌కు సంచి సర్దుకోవాల్సిన పని పడింది. ఇది తెలిసి చేరేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. తెలియక, ఏదో సెలవుల్లో క్యాంపు అనుకుని చేరేవాళ్ల గురించే దిగులు.

ఉద్యోగం పోతుందేమోనన్న భయానికి చట్టంలో జవాబు ఉంది. టెరిటోరియల్ ఆర్మీ చట్టంలోని 7ఏ సెక్షన్ ప్రకారం, సైనిక సేవకు పిలుపు వచ్చిన ఉద్యోగికి యజమాని సెలవు ఇవ్వాలి, తిరిగి వచ్చాక పనిలోకి తీసుకోవాలి. ప్రభుత్వ ఉద్యోగికి, పెద్ద సంస్థలో ఉన్నవాళ్లకు ఇది నిజంగా రక్ష. ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డులోనో, బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టులోనో, మిర్చి యార్డులో కమీషన్ దుకాణంలోనో పనిచేసే కుర్రాడు ఈ సెక్షన్ చూపించి రెండు నెలల సెలవు అడిగితే ఏమవుతుందో మీరూ నేనూ ఊహించగలం. అపాయింట్‌మెంట్ లెటరే లేని ఉద్యోగంలో చట్టం సాయం అందుకోవడం కష్టం.

పింఛను గురించి కూడా ఒక మాట. జవాన్‌కు పింఛను రావాలంటే ఎంబాడీడ్ సర్వీస్ కలిపి 15 ఏళ్లు ఉండాలి. క్యాలెండర్‌లో గడిచిన 15 ఏళ్లు లెక్కకు రావు. పింఛను కోసమే చేరదామనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అగ్నివీర్: పూర్తికాలం, నాలుగేళ్లు

పార్ట్ టైమ్ అడిగినవాళ్లకు పూర్తికాలం గురించి ఎందుకు చెబుతున్నానంటే, నా అనుభవంలో ఆ ప్రశ్న వెనక తరచూ మూడు కోరికలు కలిసి ఉంటాయి: సైన్యంలో ఉండాలి, డబ్బు రావాలి, చదువు ఆగకూడదు. అగ్నివీర్ మొదటి రెండింటికీ సూటిగా జవాబిస్తుంది.

2022 జూన్‌లో ఈ పథకం ప్రకటించారు. పదిహేడున్నర ఏళ్ల నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పైవయసు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. మొదటి ఏడాది నెలకు 30,000, తర్వాత 33,000, 36,500, నాలుగో ఏడాది 40,000. ఇందులో 30 శాతం సేవా నిధికి పోతుంది, అంటే మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000. ప్రభుత్వం అంతే మొత్తం కలిపి, నాలుగేళ్లు పూర్తయ్యాక వడ్డీతో సుమారు 11.71 లక్షలు ఇస్తుంది, దానికి ఆదాయ పన్ను లేదు. తిండి, వసతి సైన్యానివే కాబట్టి, తెలివిగా ఉన్నవాడు నాలుగేళ్లలో ఇంటి అప్పు తీర్చి చెల్లెలి చదువుకు సాయపడగలడు. అలాంటి కుటుంబాలు పల్నాడు వైపు ఎన్నో ఉన్నాయి.

అయితే నాలుగేళ్ల తర్వాత శాశ్వత సర్వీసులోకి తీసుకునేది 25 శాతం వరకే. మిగతావాళ్లకు పింఛను ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో రిజర్వేషన్ ఉంది గానీ ఆ పరీక్షలు రాయాలి, నెగ్గాలి. మధ్యలో ఇష్టం లేదని వచ్చేయడానికీ కుదరదు. 22, 23 ఏళ్లకు బయటికొచ్చి డిగ్రీ మొదలుపెట్టాల్సి రావడం ఇంట్లోవాళ్లకు పెద్ద టెన్షన్. సర్వీసులో ఉండగానే ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా డిగ్రీ చేసే ఏర్పాటు ఉంది. చేరిన మొదటి ఏడాదే దాంట్లో పేరు నమోదు చేయించుకోవాలని ప్రతి ఒక్కరికీ గట్టిగా చెబుతాను.

ప్రమాదం విషయంలో అగ్నివీర్‌కూ రెగ్యులర్ సైనికుడికీ తేడా లేదు. 2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన మురళీ నాయక్ అగ్నివీర్‌గా ఉంటూ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలర్పించాడు. నాలుగేళ్ల కాంట్రాక్టు ఉద్యోగంలా దీన్ని చూడకూడదు. తల్లిదండ్రులు పిల్లలతో కూర్చుని ఈ విషయం మాట్లాడుకోవాలి, బీమా 48 లక్షలని చెప్పుకోవడంతో సరిపెట్టకూడదు.

ఎన్‌సీసీ: చదువుతో పాటు నిజంగా కుదిరేది

చదువు ఆపకుండా యూనిఫామ్ వేసుకోవాలంటే మన ప్రాంతంలో నిజంగా పనికొచ్చే దారి ఇదే. ఇది రిజర్వ్ దళం కాదు. ఎన్‌సీసీ క్యాడెట్‌కు యుద్ధానికి వెళ్లే బాధ్యత ఉండదు, జీతమూ ఉండదు. కవాతు, ఆయుధాల శిక్షణ, మ్యాప్ రీడింగ్, ఫైరింగ్, పది రోజుల క్యాంపులు ఉంటాయి. సైనిక జీవితం మనకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే తక్కువ ఖర్చుతో కూడిన పరీక్ష లేదు. పొద్దున్నే నాలుగున్నరకు లేచి, బకెట్ నీళ్లతో స్నానం చేసి, లైన్లో నిలబడి తిని, ఎండలో కవాతు చేశాక కూడా మళ్లీ వెళ్లాలనిపిస్తే, అప్పుడు ముందుకు వెళ్లొచ్చు. కొందరు మొదటి క్యాంపు తర్వాత తమకు ఇది పడదని తెలుసుకుంటారు. అదీ మంచిదే, 18 ఏళ్లకే తెలిసింది, నష్టం ఏమీ లేదు.

గుంటూరులో ఎన్‌సీసీ గ్రూప్ హెడ్‌క్వార్టర్స్ ఉంది. విజయవాడలో ఆంధ్ర లయోలా లాంటి కాలేజీల్లో క్యాడెట్లను తీసుకుంటారు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన దగ్గర ఇంటర్ తర్వాత కాలేజీ ఎంచుకునేటప్పుడు బ్రాంచి, ఫీజు, హాస్టల్, ప్లేస్‌మెంట్లు అడుగుతారు. ఎన్‌సీసీ ఉందా అని అడిగేవాళ్లు అరుదు. చేరాక చూస్తే ఆ కాలేజీలో యూనిట్టే ఉండదు. ఉన్నా సీట్లు పరిమితం, మొదటి ఏడాది ఆరంభంలోనే సెలక్షన్ అయిపోతుంది. సైన్యం మీద ఇష్టం ఉన్నవాళ్లు కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందే ఆ కాలేజీలకు ఫోన్ చేసి కనుక్కోవాలి. మీకు ఒకేలా సరిపోయే కాలేజీలు రెండు ఉండి, ఒకదానిలో ఎన్‌సీసీ ఉంటే, ప్లేస్‌మెంట్ పోస్టర్ల సంగతి పక్కన పెట్టి దానివైపే మొగ్గమంటాను.

రెండేళ్లకు బి సర్టిఫికెట్, మూడేళ్లకు సి సర్టిఫికెట్. సి ఉంటే వచ్చే లాభం చిన్నది కాదు. డిగ్రీలో 50 శాతం, సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడు ఉంటే, ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ కింద సీడీఎస్ (డిగ్రీ తర్వాత ఆఫీసర్ పోస్టులకు యూపీఎస్సీ పెట్టేది) రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూకు వెళ్లొచ్చు. వయసు 19 నుంచి 25. అగ్నివీర్ సెలక్షన్‌లోనూ సర్టిఫికెట్‌ను బట్టి బోనస్ మార్కులు కలుస్తాయి. అంటే మూడేళ్లు సాయంత్రాలు, ఆదివారాలు ఇచ్చిన పిల్లవాడు డిగ్రీతో పాటు ఆఫీసర్ అయ్యే దారి కూడా తెచ్చుకుంటాడు. తర్వాత ఉద్యోగంలో కుదురుకున్నాక టెరిటోరియల్ ఆర్మీ ఆఫీసర్ పరీక్ష రాస్తే, అప్పటికి డిగ్రీ ఉంది, సంపాదన ఉంది, కవాతు వచ్చు. ఆ సంస్థ అడిగే మనిషి అతనే.

ఎన్‌డీఏ సంగతి క్లుప్తంగా: ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నప్పటి నుంచే రాయొచ్చు, యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, ఆర్మీకి ఏ గ్రూపైనా సరే, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కావాలి. ఎంపీసీ పిల్లలు జేఈఈకి చదివే లెక్కలతోనే దీనికీ సగం సిద్ధమై ఉంటారు, అయినా దరఖాస్తు పెట్టరు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఆర్మీ టెక్నికల్ ఎంట్రీ కూడా ఉంది. మన కార్పొరేట్ కాలేజీల్లో ఈ రెండు మాటలు ఎవరూ చెప్పకపోవడం నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆడపిల్లలకు దారులు కొంచెం వేరు. టెరిటోరియల్ ఆర్మీలో మహిళలకు అవకాశం ఇవ్వాలని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది, ఆ తర్వాత మహిళలు ఆఫీసర్లుగా చేరారు. జవాన్ల ర్యాలీలు మాత్రం పురుషుల కోసమే జరుగుతూ వచ్చాయి. కాబట్టి ఇంటర్ పాసైన అమ్మాయికి ఎన్‌డీఏ, మిలిటరీ పోలీస్ విభాగంలో అగ్నివీర్, లేదా ఎన్‌సీసీ మీదుగా ఆఫీసర్. ఈ మూడింటిలో ఎన్‌సీసీ దారిలో ఇంట్లో ఒప్పించడం తేలిక, చదువూ ఆగదు.

హోంగార్డు గురించి కూడా కొందరు అడుగుతారు. అది పోలీసు శాఖ కింద ఉంటుంది, సైన్యానికి సంబంధం లేదు. ఊళ్లోనే ఉండాలనుకునేవాళ్లకు అదొక దారి, అంతే.

ఎవరికి ఏది

ఇంటి పరిస్థితిని బట్టే జవాబు మారుతుంది. తెనాలి దగ్గర కౌలు రైతు కొడుకు, ఇంటర్ సెకండ్ క్లాస్, చదువు మీద పెద్ద ఆసక్తి లేదు, రన్నింగ్ బాగా చేస్తాడు, ఇంటికి వెంటనే డబ్బు కావాలి. అతనికి అగ్నివీర్. ఏడాది టెరిటోరియల్ ర్యాలీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ ఏడాది వయసు పోతుంది. అగ్నివీర్ రాకపోతే టెరిటోరియల్ ఎలాగూ ఉంది.

బెంజ్ సర్కిల్ దగ్గర హాస్టల్లో ఎంపీసీ చదివి ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్న పిల్లవాడికి సైన్యం మీద ప్రేమ ఉంటే, ఎన్‌డీఏ మిగిలిన అవకాశాలన్నీ రాయాలి, పక్కన బీటెక్‌లో ఎన్‌సీసీ చేరాలి. చదువు మధ్యలో టెరిటోరియల్ జవాన్‌గా వెళ్లమని అతనికి నేను చెప్పను. నాలుగేళ్ల తర్వాత ఆఫీసర్‌గా వెళ్లగలిగినవాడు ఇప్పుడే తొందరపడటం ఎందుకు?

మరి ఇంటర్‌తోనే టెరిటోరియల్ ఆర్మీ సరిపోయేవాళ్లు లేరా? ఉన్నారు. సొంత పొలమో, కుటుంబ వ్యాపారమో ఉండి, తను లేని రెండు నెలలూ అన్నో నాన్నో చూసుకోగలిగిన కుర్రాడు. చిన్న వయసులోనే ప్రభుత్వ ఉద్యోగం వచ్చి, సైన్యం కల మాత్రం అలాగే ఉండిపోయినవాడు. అగ్నివీర్ వయసు దాటిపోయి, ఏదో ఒక పనిలో స్థిరపడి, 25, 26 ఏళ్లకు మళ్లీ ప్రయత్నించాలనుకునేవాడు. ఎత్తు తక్కువని ఆగిపోయినవాడు కూడా. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి మన రాష్ట్రంలో 166 సెంటీమీటర్లు కావాలి, టెరిటోరియల్ ర్యాలీల్లో 160 ఉంటే చాలు. ఆరు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయి, గ్రౌండ్ వదిలేసిన పిల్లలు గుంటూరు బీఆర్ స్టేడియం చుట్టుపక్కల ఎంతమంది ఉంటారో. వాళ్లకు ఈ తలుపు గురించి చెప్పేవాళ్లు కావాలి.

దరఖాస్తుకు ముందు

విజయవాడ, గుంటూరు పక్కపక్క ఊళ్లే అయినా ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసులు వేరు. గుంటూరు, పల్నాడు, బాపట్ల నుంచి రాయలసీమ దాకా గుంటూరు ఆఫీసు పరిధి. కృష్ణానది దాటి విజయవాడ వైపు వస్తే విశాఖపట్నం ఆఫీసు పరిధి. నివాస ధ్రువపత్రంలో ఏ జిల్లా ఉందో దాన్నిబట్టే ర్యాలీ ఎక్కడో తేలుతుంది. తాడేపల్లిలో ఇల్లు, విజయవాడలో కాలేజీ ఉన్న పిల్లలు ఇక్కడే తికమక పడతారు. కాలేజీ ఊరు చూడరు, సొంత జిల్లా చూస్తారు.

డబ్బు పెట్టి కోచింగ్‌లో చేరేముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చూపు, రంగులు గుర్తుపట్టడం, మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, చదునైన పాదం, కాళ్లలో ఉబ్బిన నరాలు, చెవి. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తి, బీమ్ మీద పది పులప్స్ కొట్టి, తొమ్మిది అడుగుల గుంట దూకి, చివరికి మెడికల్‌లో చదునుపాదం అని వెనక్కి వచ్చిన పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కొన్ని వైద్యంతో సరవుతాయి, కొన్ని కావు. ఏడాది కష్టపడే ముందే తెలియడం మేలు. చేతుల మీద పచ్చబొట్లు వేయించుకునే ఆలోచన ఉంటే ఆపేయండి. అనుమతి ఉన్న చోట్లు చాలా తక్కువ.

రెండు లక్షలిస్తే మెడికల్ చూసుకుంటాం, మూడు లక్షలిస్తే పోస్టు గ్యారంటీ అనే బ్రోకర్లు ప్రతి ర్యాలీ సమయంలోనూ బయటికొస్తారు. పోస్టు అమ్మేవాడెవడూ సైన్యంలో లేడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. కొన్ని శిక్షణ కేంద్రాలు ఫీజు బాకీ పేరుతో పదో తరగతి మెమో అట్టిపెట్టుకుంటాయి, ర్యాలీ రోజు అది చేతిలో లేక కుర్రాడు గేటు దగ్గరే ఆగిపోతాడు.

చివరగా, పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మన జిల్లాల్లో మామూలు. తండ్రి పేరు ఒకచోట వెంకటేశ్వరరావు, ఇంకోచోట వెంకటేశ్వర్లు. పుట్టిన తేదీలో ఒక్క అంకె తేడా. డాక్యుమెంట్ల పరిశీలనలో ఇవన్నీ పట్టుకుంటారు. పదో తరగతి మెమోనే ప్రమాణంగా పెట్టుకుని ఆధార్, నివాసం, కులం పత్రాలను సచివాలయంలోనో మీసేవలోనో, బ్యాంకు ఖాతాను బ్యాంకులో దానికి సరిపోయేలా ఇప్పుడే మార్పించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే టైమ్ చాలదు.